భోజనాల బల్ల మీద వేల్స్ దేశం

మా చిన్నమ్మాయి ఐదో తరగతిలో ఉండగా, ఫిబ్రవరి మొదట్లో ఒక రోజు బడి నుంచి చిన్న కాగితం ముక్క తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. క్లాసులో టీచరు ఒక డబ్బాలో దేశాల పేర్లు వేసి తలా ఒకటి తీయమన్నారట. దీనికి వేల్స్ వచ్చింది. నెల రోజుల్లో ఆ దేశం గురించి ఒక బోర్డు తయారుచేసి, అందరి ముందూ నిలబడి చెప్పాలి.

నేనప్పుడే మన్‌హటన్ నుంచి రైల్లో నిలబడి వచ్చాను. న్యూజెర్సీలో మా ఊరు ఎడిసన్‌లో దిగి, పార్కింగ్‌లో కారు అద్దం మీద మంచు గీకి, ఇల్లు చేరేసరికి ఒంట్లో ఓపిక అడుగంటింది. మా ఆయన సోమవారం పొద్దున విమానమెక్కి క్లయింటు ఊరికి వెళ్తే మళ్ళీ గురువారం సాయంత్రమే రాక. వారంలో నాలుగు రోజులు ఇల్లూ, ఇద్దరాడపిల్లలూ, కుక్కరూ, హోంవర్కులూ నా మీదే. ఆ కాగితం చూడగానే, ఏ జపానో ఈజిప్టో రాకూడదా అనిపించింది. ఈజిప్టు వచ్చిన పిల్లాడి తల్లి అప్పటికే మా వాట్సాప్ గ్రూపులో చక్కెర బిళ్ళలతో కట్టిన పిరమిడ్ ఫోటో పెట్టేసింది. పిల్లల ప్రాజెక్టులు తల్లిదండ్రులు చేసిపెట్టే అలవాటు మా తెలుగువాళ్ళకి ఎప్పుడు పట్టుకుందో తెలియదు గానీ, ఆ విషయంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు.

ఇక్కడ మా ఇంటి చట్టం ఒకటి చెప్పాలి.

అంతకుముందు అక్టోబరులో ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక హోటల్లో ఎవరిదో పుట్టినరోజు విందు జరిగింది. తెలిసినావిడ ఒకరు మా చిన్నదాన్ని దగ్గరకు తీసుకుని, "ఏం తిన్నావమ్మా, ఇంకేమైనా పెట్టించనా?" అని అడిగారు. ఇది ఆవిడ మొహం చూసి, నా మొహం చూసి ఊరుకుంది. "అయ్యో, పాపకి తెలుగు బొత్తిగా రాదా? మావాడు పద్యాలు కూడా చెప్తాడండీ" అన్నారావిడ. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. కార్లో ఇంటికి వచ్చేదాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

దీపావళి వెళ్ళిన సోమవారం చట్టం చేశాను. రాత్రి భోజనాల దగ్గర తెలుగే మాట్లాడాలి. ఎవరి నోట ఇంగ్లీషు దొర్లితే వాళ్ళ కంచం పక్కన పప్పుగుత్తి పెడతాం. వాళ్ళు ఇంకొకరి నోట ఇంగ్లీషు పట్టుకుంటే దాన్ని అటు తోసేయొచ్చు. కంచాలు ఎత్తేవేళకి పప్పుగుత్తి ఎవరి దగ్గరుంటే వాళ్ళు సింకులో గిన్నెలు తోమాలి, ఆ సాయంత్రానికి ఐప్యాడ్ ఉండదు. "ట్రైన్ లేటైంది" అన్నందుకు మొదటి వారంలోనే నాకు రెండుసార్లు పడింది. అప్పుడు ట్రైను, ఆఫీసు, ఫోను తెలుగు మాటలే అని చట్టం సవరించాను. చట్టం చేసినవాళ్ళకి ఆ మాత్రం వెసులుబాటు లేకపోతే ఎలా?

రెండు వారాలు సరదాగానే గడిచాయి. పెద్దదానికి పదమూడేళ్ళు, బుర్ర పాదరసం. అది "పప్పు బాగుంది", "నాకు చాలు", "నీళ్ళు కావాలి" లాంటి వాక్యాలు ఒక పది నేర్చుకుని వాటితోనే పూట గడిపేసేది. చిన్నది అలా కాదు. వాగుడుకాయ. బస్సు దిగింది మొదలు నోటికి తాళం పడదు. అందుకే పప్పుగుత్తి ఎక్కువసార్లు దాని పక్కకే చేరేది. ఒక్కోసారి పెద్దది బల్ల కింద దాని కాలు తొక్కేది. ఇది "ఔచ్, స్టాప్ ఇట్!" అని అరవగానే పప్పుగుత్తి వచ్చి వాలేది. నేను చూశాను. చూసి నవ్వాను కూడా.

జనవరి నుంచి చిన్నది నెమ్మదించింది. తలొంచుకుని తిని లేచిపోయేది. ఆ మౌనం నాకు హాయిగా ఉండేదని చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, కానీ నిజం అదే. రోజంతా మీటింగుల్లో నానిన చెవులకు ఆ నిశ్శబ్దం మందులా ఉండేది. ఫిబ్రవరి వచ్చేసరికి చట్టం లేని చోట కూడా, కార్లోనూ మంచం మీదా, అది మాట్లాడటం లేదని గమనించాను. "ఏమైందే?" అంటే "ఏం లేదు" అనేది. క్లాసులో కూడా బాగా సైలెంట్ అయిపోయిందని టీచరు దగ్గర్నుంచి ఈమెయిలు వచ్చింది. అప్పుడు భయం పట్టుకుంది. ఈ వేల్స్ వంకతోనైనా దీని నోరు తెరిపించాలనుకున్నాను.

ఆ శనివారం లైబ్రరీ నుంచి నాలుగు పుస్తకాలు తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాం. ఇంగ్లండుకు పడమట, మూడు వైపులా సముద్రం ఉన్న కొండల దేశం వేల్స్. మా న్యూజెర్సీ కంటే కాస్త చిన్నది. మనుషుల కంటే గొర్రెలు ఎక్కువ. జనమంతా కలిపినా మా పాత గుంటూరు జిల్లా అంత ఉండరు. ఇంగ్లండు రాజులు వాళ్ళని అదుపులో పెట్టడానికి ఊరూరా రాతి కోటలు కట్టారు. ఇప్పుడు ఆ కోటల్లో టిక్కెట్లు అమ్ముతున్నారట. దక్షిణాన లోయల నిండా బొగ్గు గనులు, ఉత్తరాన పలక క్వారీలు. పలకంటే మనం చిన్నప్పుడు రాసుకున్న నల్ల పలకే. వాళ్ళు దాన్ని కొండలోంచి బిళ్ళలుగా చీల్చి ఇళ్ళ కప్పులు వేసి, ప్రపంచమంతటికీ ఓడల్లో పంపించారు.

నాకు నచ్చింది వాళ్ళ కవిత్వ పోటీ. ఏటా ఒక పెద్ద జాతర చేస్తారు, అంతా వాళ్ళ భాషలోనే. ఛందస్సు తప్పకుండా పద్యం రాసి గెలిచిన కవిని పిలిచి, చెక్కిన కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీ అతనికే ఇచ్చేస్తారు. మనవాళ్ళు కాలికి గండపెండేరం తొడిగినట్టు. "చూశావా, ఎంత బాగుందో" అన్నాను. చిన్నది తలూపింది. నేను మాట్లాడుతూనే అట్టముక్కతో కోట కత్తిరిస్తున్నాను. అది చూస్తూ కూర్చుంది. ప్రాజెక్టు ఎవరిదో మా ఇద్దరికీ తెలిసిపోతూనే ఉంది.

మూడో పుస్తకంలో ఒక పేజీ దగ్గర అది ఆగిపోయింది. చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళి, గరిటెల స్టాండులోంచి పప్పుగుత్తి తీసుకొచ్చి ఆ పేజీలో ఉన్న బొమ్మ పక్కన పెట్టింది.

బొమ్మలో ఒక చిన్న చెక్క ముక్క, దానికి తాడు. పాతకాలంలో వేల్స్ బడుల్లో పిల్లలు ఇంగ్లీషే మాట్లాడాలి. ఎవరి నోట వెల్ష్ మాట వస్తే ఆ చెక్క వాళ్ళ మెడలో వేసేవారు. ఆ పిల్ల ఇంకొకరి నోట వెల్ష్ విని పట్టిస్తే చెక్క వాళ్ళ మెడలోకి మారేది. సాయంత్రం గంట కొట్టేవేళకి అది ఎవరి మెడలో ఉంటే వాళ్ళకి దెబ్బలు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అది వేరు, ఇది వేరు. వాళ్ళు భాషని చంపడానికి చేశారు. నేను మన భాషని బతికించుకోవడానికి చేస్తున్నాను. రెండూ ఒకటేనా?" అని గట్టిగానే అరిచాను.

అది తలెత్తి ఇంగ్లీషులో అడిగింది, ఆ తేడా మెడలో చెక్క ఉన్న పిల్లకి ఎలా తెలుస్తుంది అని. కొన్ని వారాల తర్వాత అది నాతో మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అదే. కత్తెర పట్టుకుని మళ్ళీ కోట మీద పడ్డాను.

నిజానికి అలాంటిది చూడటం నాకు అది మొదటిసారి కాదు. మాది నరసరావుపేట వైపు ఒక చిన్న ఊరు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కాన్వెంటులో నన్ను వేశారు. అక్కడ తెలుగు మాట్లాడితే మెడలో అట్ట వేలాడదీసేవారు. "నేను తెలుగు మాట్లాడను" అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉండేది. దాన్ని వదిలించుకోవడానికి మాకున్న దారీ వేల్స్ పిల్లలకున్నదే. ఇంకొకరిని పట్టివ్వాలి.

నాలుగో తరగతిలో ఒక రోజు అట్ట నా మెడలో పడింది. మధ్యాహ్నం దాకా ఎవరూ దొరకలేదు. గంట కొట్టేవేళ దగ్గరపడుతోంది. నా బెంచీలో నా పక్కన కూర్చునే అమ్మాయి నా ప్రాణస్నేహితురాలు. తన టిఫిను డబ్బాలో సగం నాకే పెట్టేది. నేను వెనక నుంచి వెళ్ళి దాని జబ్బ మీద గట్టిగా గిల్లాను. అది "అమ్మా!" అని అరిచింది. "మిస్, షి స్పోక్ తెలుగు" అన్నాను. నా మెడలోని అట్ట దాని మెడలోకి మారింది. ఆ సాయంత్రం దాన్ని ఎండలో కంకర మీద మోకాళ్ళేయించారు. నేను ఇంటికి వెళ్ళి పాలు తాగాను. మర్నాడు అది వేరే బెంచీకి మారిపోయింది. ఆ తర్వాత వాళ్ళు ఊరు విడిచి వెళ్ళేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఈ సంగతి నేను మా ఆయనకు కూడా చెప్పలేదు. బల్ల కింద చెల్లెలి కాలు తొక్కడం మా పెద్దదానికి ఎవరు నేర్పారో అని ఆశ్చర్యపోయిన రోజులున్నాయి. ఎవరూ నేర్పక్కర్లేదు. అలాంటి చట్టం చేస్తే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారు.

మార్చి మొదట్లో వేల్స్ వాళ్ళ పండగ. పాతకాలపు క్రైస్తవ సాధువు ఒకాయన పేరున చేసుకుంటారు. మా ఇంటి నుంచి గంటన్నర దూరంలో, పెన్సిల్వేనియాలో ఒకప్పటి పలక క్వారీల ఊరు ఉంది. వేల్స్ నుంచి వచ్చిన రాళ్ళు కొట్టేవాళ్ళు కట్టుకున్న ఊరది. అక్కడి చర్చిలో ఆ శనివారం పాటలు, తర్వాత టీ, ఎవరైనా రావచ్చని ఆన్‌లైన్‌లో చూశాను. మా ఆయన ఇంట్లో పడుకుని వారం నిద్ర తీర్చుకుంటానన్నాడు. పిల్లలిద్దరినీ వేసుకుని నేనే డ్రైవ్ చేశాను. దారి పొడుగునా వాన. పెద్దది చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది, చిన్నది అద్దంలోంచి చూస్తూ కూర్చుంది.

ఊళ్ళో ఇళ్ళ కప్పులన్నీ తడిసిన పలకలే. ఊరి చివర పనికిరాని రాతిముక్కల గుట్టలు నల్లగా పేరుకుని ఉన్నాయి. చర్చిలో యాభై మంది కూడా లేరు. అందరూ తల నెరిసినవాళ్ళే. పాట మొదలవగానే ఆ కాసిని గొంతులూ నాలుగు పాయలుగా విడిపోయాయి. ఆడవాళ్ళు రెండు శ్రుతుల్లో, మగవాళ్ళు రెండు శ్రుతుల్లో పాడుతున్నారు. పాడించే పెద్దమనిషి చివరి చరణం నచ్చితే మళ్ళీ పాడించాడు, మళ్ళీ పాడించాడు. చిన్నది నా చెయ్యి పట్టుకుంది.

టీ దగ్గర ఎనభై దాటిన ఒక పెద్దావిడ మా పక్కన కూర్చున్నారు. పెనం మీద కాల్చిన చిన్న తీపి రొట్టెలు పిల్లల ముందు పెట్టారు. మీరు పాడిన పాటకి అర్థం ఏమిటని చిన్నది అడిగింది.

"నాకు తెలీదమ్మా" అన్నారావిడ ఇంగ్లీషులో. "మా అమ్మ పాడేది, విని నేర్చుకున్నాను. వెల్ష్ నాకు ఒక్క ముక్క రాదు."

చిన్నది చెక్క ముక్క గురించి అడిగింది. ఆవిడ నవ్వారు.

"అది మా తాత మెడలో పడింది. ఆ పౌరుషంతో ఆయన మా అమ్మకి వెల్ష్ తప్ప ఇంకోటి రానివ్వలేదు. ఇక్కడికొచ్చాక అమ్మ బడిలో పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. అందుకని మాకు నేర్పలేదు. మా మంచికే అనుకుంది." కప్పులో ఇంకాస్త టీ పోసుకుని మళ్ళీ అన్నారు. "చివర్లో అమ్మ ఇంగ్లీషు మర్చిపోయింది. మంచం మీద పడుకుని వెల్ష్‌లో ఏదో అడుగుతూ ఉండేది. నీళ్ళేమో అనుకుని నీళ్ళిచ్చేదాన్ని. ఏమడిగేదో నాకిప్పటికీ తెలీదు."

నేను తల తిప్పుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు వైపర్లు ఊగుతుంటే నాకు ఏడుపొచ్చింది. చట్టం పెడితే ఒక బాధ, తీసేస్తే ఒక బాధ. రేపు నేను మంచం మీద ఉండి తెలుగులో ఏదో అడుగుతుంటే, నా పిల్లలు నాకు నీళ్ళు తెచ్చిస్తారు. ఆ భయం నిజం. దాన్ని పిల్లల మెడలో వేలాడదీయడం తప్పని కూడా ఆ రోజే తెలిసింది. ఈ రెండింటి మధ్య ఏం చేయాలో తెలిస్తే బాగుండేది. తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

ఆదివారం భోజనాల దగ్గర పప్పుగుత్తిని గరిటెల స్టాండులో పెట్టేశాను. "ఇక దీంతో పప్పే మెదుపుదాం. ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు మాట్లాడండి" అన్నాను. పెద్దది "యెస్!" అని గాల్లోకి పిడికిలి ఎత్తింది. చిన్నది తలెత్తకుండా అన్నం కలుపుకుంది. అట్టకోట కూడా పక్కన పెట్టేశాం. అది బోర్డు తనంతట తనే చేసుకుంది. అక్షరాలు వంకరగా, వేల్స్ జెండా మీది డ్రాగన్ బల్లిలా వచ్చాయి. క్లాసులో బాగానే చెప్పిందట.

చట్టం పోయింది గానీ మాట రాలేదు. వారం గడిచింది, పది రోజులు గడిచాయి. పెద్దది ఇంగ్లీషులో వాగుతోంది, చిన్నది ఎప్పట్లాగే తిని లేచిపోతోంది. నాకు విసుగొచ్చింది. ఇంతా చేసి సాధించిందేమిటని, ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ తర్వాతి బుధవారం బీరకాయ పప్పు చేశాను. బయట ఇంకా వెలుతురుంది. చిన్నది అన్నం కెలుకుతూ, ఎవరూ అడగకుండానే, ఇంగ్లీషులో మొదలుపెట్టింది. క్రిస్మస్ సెలవుల తర్వాత బడికి వెళ్తే, లంచ్‌లో అది రోజూ కూర్చునే బల్ల దగ్గర దాని స్నేహితురాళ్ళు ఈ సీటు ఖాళీ లేదన్నారట. మర్నాడూ అన్నారట. తన డబ్బాలోంచి వాసన వస్తోందని ఒకమ్మాయి ముక్కు మూసుకుందట. అప్పటినుంచి రోజూ లైబ్రరీలో పుస్తకం పెట్టుకుని ఒంటరిగా తింటోందట. చాలా రోజులు అసలు తినలేదట. ఇరవై నిమిషాలు ఆపకుండా చెప్పింది. పెద్దది ఫోను బోర్లించి వింటూ కూర్చుంది. నేనూ ఇంగ్లీషులోనే, తర్వాత ఏమైంది, ఇంకేమన్నారు అని అడుగుతూ పోయాను.

అంతా అయ్యాక ఆగలేక తెలుగులో అడిగేశాను. "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే తల్లీ?"

అది మాటలు వెతుక్కుంటూ తెలుగులోనే చెప్పింది. "చెప్పాను అమ్మా. జనవరిలో, ఇక్కడే. తెలుగులో రాలేదు, ఇంగ్లీష్ వచ్చేసింది. నువ్వు పప్పుగుత్తి పెట్టావ్. నేను గిన్నెలు వాష్ చేశాను."

నాకు గుర్తు లేదు. ముప్పై ఏళ్ళ కిందట కంకర మీద మోకాళ్ళేసిన నా స్నేహితురాలి జడకుచ్చుల రంగు కూడా నాకు గుర్తుంది. నా కూతురు నాకు చెప్పబోయిన ఆ సాయంత్రం మాత్రం, ఎంత వెతికినా గుర్తుకు రాలేదు. రోజూలాగే అలిసిపోయి వచ్చి ఉంటాను. ఏదో ఇంగ్లీషు మాట చెవిన పడగానే నా చెయ్యి దానంతటదే సాగి ఉంటుంది. ఆ పూట గిన్నెలు శుభ్రంగా తోమావని దాన్ని మెచ్చుకుని కూడా ఉంటాను.